వీపు లేని సిపాయి

"అత్తమ్మా, గోడకు అతికిచ్చిన ఈ సిపాయి బొమ్మ ఎక్కడిది?"

ఇదా? పోశెట్టి చేసింది. దీని కథ చిన్నదే బిడ్డా, రెండు ముక్కల్ల చెప్త, నీ చాయ్ చల్లారకముందే అయిపోతది. కూసో. ఆ కుర్చీల గాదు, దాని కాలు ఊగుతది. సాయన్న వచ్చినప్పుడల్ల అండ్లనే కూసుండి దాని నడుం ఇరగ్గొట్టిండు. సాయన్న ఎవరంటవా? నేను ఈ అరబ్బు దేశమొచ్చి సత్వాల డాక్టరమ్మ ఇంట్ల పని చేసుకుంట, పక్క బిల్డింగుల ఉండే మనోళ్ళు ఆరుగురికి వండేదాన్ని గద, అండ్ల ఒకడు. ఆరుగురికైనా ఎనిమిది మందికి సరిపోయేటట్టు వండాలె. ఆ ఎక్కువ ఇద్దరు గూడ సాయన్ననే.

ఏం చెప్తున్న? ఆ, పోశెట్టి.

పోశెట్టి గూడ ఆ ఆరుగురిల ఒకడే. మన మెట్‌పల్లి దిక్కోడు. వాళ్ళ పెద్దమ్మ, మా చిన్నమ్మ ఒకే ఇంటి కోడండ్లు... కాదు కాదు, ఒకే వాడ. సరే, చుట్టమే అనుకో. పందొమ్మిదేండ్లు ఇక్కడ జిప్సం పని చేసిండు. పెద్దోళ్ళ ఇండ్లల్ల కప్పు అంచుకు తెల్లటి పూలు, తీగలు ఉంటయి సూడు, అవి పోసి అతికిచ్చే పని. పనిల దేవుడు. మాటల మాత్రం, నోట్లె గూడ జిప్సం పోసుకున్నట్టే ఉంటడు.

కరోనా తగ్గుతున్న ఏడు, ఇంక మూతులకు మాస్కులున్నయి, జుమేరాల ఒక ముసలి ఇంగ్లీషు సాబ్ ఇంట్ల కప్పు పగిలితే బాగుచెయ్య పోయిండు. ఆ గది నిండ సిపాయి బొమ్మలట. బొటనవేలంత ఒక్కొక్కటి, అద్దాల బీరువాల వరుసగ. సాబే చేసుకునేటోడట, చేతులు వణుకుతున్నయని ఆపిండు. గోడల మీద పాత పుస్తకాలల్ల బొమ్మలు ఫ్రేములు కట్టించి పెట్టిండు. ఎనభై ఏండ్ల కింద పెద్ద యుద్ధమైనప్పుడు ఒకాయన సిపాయిల ఎంబడే తిరిగి పెన్సిలుతోని గీసినయట. "తుపాకులు పేలుతుంటే కూసుండి బొమ్మలు గీసుడేందయ్యా" అని నేనంటే, "నీ కుక్కరు కూతలేస్తుంటే నువ్వు ఫోన్ మాట్లాడవా వదినా" అన్నడు. ఆ ఏడు ఆయన మాట్లాడింది అదొక్కటే.

ఆ పెన్సిలు బొమ్మలల్ల ఒకటి పోశెట్టి కండ్లకు అతుక్కున్నది. ఇసుకల డబ్బా మీద ఒక సిపాయి కూసున్నడు. ఒక బూటు ఇప్పి చేతుల పట్టుకున్నడు. తుపాకి పక్కకు పడున్నది. గంతే. దాన్ని ఫోన్ల ఫోటో తీసుకొచ్చి, తినేటప్పుడు గూడ పప్పు గిన్నెకు ఆనిచ్చి సూసుకుంట తినేటోడు.

గప్పుడే వాళ్ళ కంపెనీ మూతపడ్డది. నెల రోజులల్ల వీసా ఖలాస్. యాభై రెండేండ్లోన్ని మళ్ళ ఎవడు తీసుకుంటడు చెప్పు? మన దిక్కు పోతే కప్పుకు పూలు ఎవరు పెట్టిచ్చుకుంటరు? సాబ్‌కు అది తెలిసి ఒక దారి చెప్పిండు. ఇక్కడ్నే అల్ కుసైస్‌ల ఒక వర్కుషాపున్నది, బిల్డింగుల నమూనాలు, బొమ్మలు చేస్తరు. అక్కడి ముదీర్, అదే మేనేజరు, సాబ్‌కు ఎరుక. "నువ్వు ఆ సిపాయిని చేసియ్యి, నేను చూపెడ్త, నచ్చితే వీసా ఇస్తరు" అన్నడు. అంటే సూడు, బొటనవేలంత బొమ్మ మీద ఒక మనిషి ఉండుడా పోవుడా ఆగున్నది.

పన్నెండు రోజులు చేసిండు. సెంట్రింగు తీగ వంచి ఎముకలు. దాని మీద పైపులు కారితే పెట్టే పుట్టి ఉంటది సూడు, రెండు ముద్దలు కలిపి పిసికితే రాయైతది, అది. పన్ను పుల్ల, గీకుడు బ్లేడు, నా కుట్టు సూది. సూది ఇప్పటిదాంక తిరిగియ్యలే. కానీ ఆ మొఖం సూసినంక సూది అడగబుద్ధి కాలే బిడ్డా. గోధుమ గింజంత మొఖంల అలసట ఎట్ల పెట్టిండో. సాయన్న గూడ తినుడు ఆపి సూసిండు.

సాబ్ కాడికి తీసుకపోయిండు. సాబ్ భూతద్దం పెట్టి సూసి, కండ్లు తుడుచుకొని, బొమ్మను ఎనకకు తిప్పిండు.

ఎనక చదును. పలకోలె చదును.

"పీఛే కిదర్ హై?" అన్నడు సాబ్.

"పీఛే దివార్ హై సాబ్" అన్నడు పోశెట్టి.

మరి ఏమంటడు? పందొమ్మిదేండ్లు కప్పుకు అతికిచ్చినోడు. పువ్వుకు ఎనక ఏముంటది, గోడే ఉంటది. పెన్సిలు బొమ్మకు గూడ వీపు లేకపాయె. నువ్వు నవ్వుతున్నవు గని సాబ్ నవ్వలే. నెమ్మదిగ కూసుండి, "సిపాయి ఎనక గోడ ఉండదు పోశెట్టి" అన్నడట. ఆ సిపాయే ఇది. చెత్త డబ్బల వేస్తే నేనే తీసి గోడకు పెట్టిన. దానికి గావాల్సింది గోడే గద.

ఇగ పద్దెనిమిది రోజులున్నయి. వీపు ఎక్కడ్నుంచి తెస్తడు? ముందుగాల సాయన్నను బకెట్ మీద కూసోబెట్టి బూటు ఇప్పిచ్చిండు. "ఈ వీపు పెడితే సిపాయి గాడు, బియ్యం బస్తా అయితది" అని నేనే చెప్పిన. తెల్లారి పోశెట్టి, కూలోళ్ళు పని బస్సులెక్కే కాడికి పోయి నిలబడ్డడు. అందరు మొఖాలు సూస్తరు, ఈయన వీపులు సూసుకుంట వరుస ఎనక నడిచిండు. ఒకాయన దొంగోడనుకొని సంచి ముందటికి తిప్పుకున్నడు. ఆరు రోజులు గట్లనే పోయిండు.

మళ్ళ చేసిన బొమ్మ సూడాలె నువ్వు. అంగీ వెన్నుపూసకు అంటుకపోయింది. చెమట ఎండిన ఉప్పు గీతలు గూడ గీకి పెట్టిండు. సంచి మోసి మోసి ఒక భుజం కిందికి. ఇప్పిన కాలు మడమ మీద గసగస గింజంత పుండు. సాబ్ అది సూసి, "నలభై ఏండ్ల సంది ఈ బొమ్మ నా గోడ మీదున్నది, వీడు బూటు ఎందుకు ఇప్పిండో నాకు ఇయ్యాల తెలిసింది" అన్నడు. కొత్త సేఫ్టీ బూట్లేసుకున్నోనికి ఎవనికైనా తెలుస్తది. కానీ చెయ్యాలంటే పోశెట్టే గావాలె.

రంగు కాడ మాత్రం మనోడు ఆగమైండు. కప్పుకు సున్నమేసినట్టు ఏస్తడు. పుండు మునిగిపోబట్టె. నేను గుంజుకొని కడిగి, సాబ్ కాడ సన్న కుంచె అడిగి నేనే ఏసిన. ఇరవై ఏండ్లు బీడీలు చుట్టి మూతులు మడిచిన చెయ్యి, దీనికేం కష్టం? రెండు కండ్లు, ఆ ఉప్పు గీతలు, జర అంగీ. పెద్ద పనేం గాదు.

వర్కుషాపుకు నన్ను గూడ తీసుకపోయిన్రు. పోశెట్టి మాట్లాడడు, ఎవరో ఒకరు మాట్లాడాలె గద. ముదీర్ ఒక ఫిలిప్పీన్ మేడం. బొమ్మను తిప్పి తిప్పి సూసింది. మొఖం సూసింది, వీపు కాడ ఆగింది, మడమ కాడ ఇంకింత సేపు ఆగింది. "ఇసొంటిది నేను సూడలే" అన్నది. పోశెట్టి చెయ్యి నా కొంగు పట్టుకున్నది, ఆయనకే తెల్వదు.

అప్పుడు మేడం మమ్మల్ని లోపటికి తోలుకపోయింది. ఒక అద్దాల డబ్బల ఎర్రటి నీళ్ళు. ఆ నీళ్ళల్ల నుంచి ఒక మనిషి బొమ్మ దానంతటదే పైకొస్తున్నది. "చెక్కుడంత మాకు మిషన్ చేస్తది, ఎంత మందినంటే అంత మందిని. చెయ్యి గావాల్సింది రంగుకే" అన్నది. బొమ్మను మళ్ళ చేతుల పట్టుకొని, "ఇది ఎవరేసిన్రు?" అన్నది.

పోశెట్టి నా దిక్కు చూపెట్టిండు. "వదిన" అన్నడు.

వీసా నాకిచ్చిన్రు. అప్పటి సంది అక్కడ్నే చేస్తున్న.

పోశెట్టిని సాబ్ తన ఇంటి వీసా మీద పెట్టుకున్నడు, కాయితంల వంటోడని రాసిన్రు. ఇద్దరు కూసుండి పొద్దంత సిపాయిలను చేస్తరు. వంట సాబే చేస్తడు.