అమ్మ రక్తంలో దొరికిన ఈస్ట్ గురించి

మా అన్నయ్య ఇచ్చిన ఫిర్యాదు మీద నన్ను స్టేషన్‌కు పిలిచి అడగగా చెబుతున్నాను. అందరూ నన్ను రొట్టెలాయన అంటారు, మీరూ అలాగే రాసుకోండి. వయసు నలభై నాలుగు. బేకరీలో పిండి కలుపుతాను.

మా అమ్మకు పేగు ఆపరేషన్ అయింది. ఐసీయూలో ఉంచి, మెడ దగ్గర పెట్టిన సన్నటి గొట్టంలోంచి మందులు ఎక్కిస్తున్నారు. రోజూ పని దిగాక స్నానం చేసి మరీ చూడటానికి వెళ్లేవాణ్ణి. విరేచనాలు పట్టుకుంటే నర్సమ్మ ఏదో పొడి పొట్లం మంచం పక్కనే చించి, నీళ్లలో కలిపి ఇచ్చేది. తర్వాత జ్వరం వచ్చింది. ఎన్ని మందులు మార్చినా తగ్గలేదు.

సోమవారం ఉదయం అమ్మ రక్తంలో ఈస్ట్ పెరుగుతోందన్నారు. మామూలుగా రోగుల్లో కనిపించే రకం కాదట, రొట్టెలు పొంగించే రకమట. ఆ మాట వినగానే అన్నయ్య వార్డు ముందే నా చొక్కా పట్టుకున్నాడు.

"నీ గోళ్లలో పిండే అమ్మ ఒంట్లోకి పోయిందిరా. ఇంక లోపలికి అడుగుపెట్టావంటే ఊరుకోను" అన్నాడు.

నాకూ అదే భయం పట్టుకుంది. ఇంటికెళ్లి చేతులు తోముకున్నాను. తోమిన చేతులే మళ్లీ తోముకున్నాను. వదిన చూసి, "తోలు ఊడొస్తుంది, ఇంక ఆపవయ్యా" అంది.

డాక్టర్లు ఆ రోజే గొట్టం తీసేసి, ఫంగస్ మందు మొదలుపెట్టారు. పొడి ఆపించి, ఒక పొట్లం ల్యాబుకు పంపారు. జ్వరం దిగింది. గురువారం సాయంత్రం డాక్టరమ్మ మా అన్నదమ్ములిద్దర్నీ కూర్చోబెట్టింది.

"ఆ పొడిలో ఉండేదీ బతికున్న ఈస్టే. రక్తంలో దొరికిందీ అదీ ఒకటేనని తేలింది. పొట్లం చించినప్పుడు లేచిన పొడి గొట్టానికి అంటుకుని ఉంటుంది. మీ తమ్ముడి వల్ల రాలేదు" అంది.

అన్నయ్య ఫోన్ చూసుకుంటూ "సర్లెండి" అన్నాడు. నర్సమ్మ మీద నాకు కోపం లేదు. ఊపిరాడని పని ఆమెది. ఆ సర్లెండి మాత్రం మింగుడుపడలేదు.

నిన్న లోపలికి పోనిచ్చారు. నేను చెయ్యి పట్టుకోబోతే అమ్మ తన చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"కాస్త దూరంగా కూర్చో నాన్నా" అంది.

డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. "పెద్దాడు అలా అనలేదే" అంది.

నాకు అన్నయ్య మీద కేసు వద్దు. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోయినా ఫర్వాలేదు. ఒక్కసారి అమ్మ దగ్గరికెళ్లి, తమ్ముడి తప్పు లేదని ఆయన నోటితో చెప్పమనండి. నేను చెబితే నమ్మడం లేదు.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి చదివి వినిపించారు. ఇందులో అబద్ధం లేదు, ఎవరి బలవంతమూ లేదు. కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం)