దీనియాత్ సార్

దుబాయి దగ్గరి హమ్రియాలో, శుక్రవారం సాయంత్రం. చాయ్ హోటల్ ముందు కూర్చున్న ముసలాయన దగ్గరికి నలభై ఏళ్లతను వచ్చి చేతులు జోడించాడు.

"నమస్తే సార్. కోరుట్ల బడిల మీరు దీనియాత్ చెప్పెటోళ్లు."

"అది ముస్లిం పిల్లల మతపాఠాల క్లాసు గదా. నువ్వెవరు బిడ్డా?"

"ఆ పిరేడ్ల మా హిందూ పోరగాండ్లు ఆటకు పోయేది. కాలు విరిగి నేను మీ క్లాసుల కూసున్న."

"కట్టు కాలు పిలగాడా! ఈడున్నవా?"

"సైట్ల తాపీ పని సార్. మీరెట్లొచ్చిండ్రు?"

"కొడుకు దగ్గరికి. ఈడి మనోళ్లు వాళ్ల పదో తరగతి పిల్లలకు శుక్రారం జుమ్మా నాడు దీన్ చెప్పుమన్నరు. తలెత్తి చూడరు, ఫోన్లల్లనే ఉంటరు. ఇయ్యాల పోయి నాతోని కాదని చెప్పొస్త. మీరైతే మంచిగ వినేది."

"యాడ సార్! సగం మంది నిద్రపోయేది."

"మరి నీకేం యాదున్నది?"

"రంజాన్ ఉపాసాల పాఠం నాడు నన్ను లేపి, మీ ఇంట్ల ఒక్కపొద్దు ఎవరుంటరని అడిగిండ్రు. నాయిన దుబాయిల మంచిగుండాలని మా అవ్వ శనివారాలు ఉంటదని చెప్పుకుంట ఏడ్చిన. క్లాసుల ఒక్కడు గూడ నవ్వలే. బడిల అప్పటిదాక మా ఇంటి సంగతి ఎవ్వరడగలే సార్."

ముసలాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఈడి పిల్లలను మీరేమన్న అడిగిండ్రా?"

"లేదు బిడ్డా. చెప్పుడే చెప్పిన."

ఆయన చాయ్ సగంలోనే వదిలి లేచాడు.

"యాడికి సార్?"

"క్లాసుకు. ఊళ్లె వాళ్ల దాదీలు మనుమల కోసం ఏమని మొక్కి దువా చేస్తరో అడుగుత."