చట్రం మీద పెన్సిలు రాత

వడ్రంగి మేస్త్రి నిచ్చెనెక్కి, జారిన కప్పు పలకను అరచేత్తో ఎత్తిపట్టుకుని ఉన్నాడు. కింద, నిఘంటువు రాస్తున్న టీచరుగారు కాగితాలు ఒళ్లో పెట్టుకుని, నిచ్చెనకు కాపలా ఉన్నట్టు కూర్చున్నారు.

"అందుకే అంటున్నా, ఈ పలక మాత్రం విప్పొద్దు టీచరుగారూ. కింద నుంచి రెండు మేకులు కొట్టేస్తే సరి."

"ముందు నా పని కానివ్వండి మేస్త్రిగారూ. ఆ పలకల పైన ఉండేదాన్ని మీరు చట్రం అంటారు కదా. అర్థం చెప్పండి, రాసుకుంటాను."

"అర్థమేముంది? గోడ నుంచి గోడకి దూలాలు, వాటికి అడ్డంగా పట్టీలు. ఆ అల్లికంతా కలిపి చట్రం. పలకలు దాన్ని పట్టుకునే ఉంటాయి. కింద ఉన్నవాళ్లకి పలకే గానీ చట్రం కనపడదు."

"బాగుంది. వాడుకకి ఒక వాక్యం?"

"'చట్రం జోలికి పోకూడదు.'"

"ఇంకోటి."

"'చట్రం బాగానే ఉంది, పలక విప్పక్కర్లేదు.'"

"ఇవి నిఘంటువుకి చెప్తున్నారా, నాకా?"

"మీకే... అదే, రెండింటికీ."

"చట్రం పైవైపు మీవాళ్లు ఏదో రాస్తారట, నిజమేనా?"

"ఎవరన్నారు? రాస్తారు... పలకలు కొట్టేముందు, పెన్సిలుతో. పేరో, తారీఖో. ఎలాగూ ఎవరూ చూడరని మనసులో మాట రాసేవాళ్లూ ఉన్నారు. అదో పిచ్చి."

"ఈ గదికి చట్రం వేసింది మీరేగా, పదిహేనేళ్ల కిందట?"

"పదహారు."

"ఏం రాశారు?"

"గుర్తులేదు."

"ఏళ్లు గుర్తున్నాయి, రాత గుర్తులేదా?"

"తారీఖే అయ్యుంటుంది. కాస్త మంచినీళ్లు తెస్తారా?"

"నేనటు వెళ్తే చెరిపేద్దామనా?"

"మీకు దణ్ణం పెడతాను. అది మీరు చదివితే నేనీ గుమ్మం మళ్లీ తొక్కలేను. మిమ్మల్ని నోటితో అడిగే ధైర్యం లేకే దూలానికి చెప్పుకున్నాను. ఆ తర్వాత ఇంకెవర్నీ అడగాలనిపించనూ లేదు."

"నిచ్చెన దిగండి."

"కోపమొచ్చిందా?"

"దిగండి ముందు. ఆ పలక పోయిన వారమే విప్పించాను. మేకులు వదులు చేయించిందీ నేనే, మిమ్మల్ని పిలవడానికి సాకు కావాలిగా. వాడుక వాక్యం కూడా నేనే రాసేశాను. చూడండి."

"కళ్లజోడు తేలేదు. మీరే చదవండి."

"'నన్ను పెళ్లి చేసుకుంటారా అని చట్రం మీద రాసి దాచినవాడికి, పదహారేళ్లు ఆలస్యంగా సరేనంది ఆ ఇంటావిడ.'"