ఓరిన్ సంతకం పెట్టిన కవరు

అది కాదమ్మా, పోస్టు ఓటు కవర్లు తారుమారైతే ఓట్లు పక్కన పడేస్తారా? ఏం, దొంగ ఓట్లా అవి? మొగుడూ పెళ్లాం, ఒకే ఇల్లు, ఒకే వంటగది. నా పేరున్న కవరు మీద మా ఆయన ఓరిన్ సంతకం పెట్టాడు, ఆయన పేరున్నదాని మీద నేను పెట్టాను. అంతేగా జరిగింది.

పొద్దున్న ఈ ఎన్నికల ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పావు, మంచిదానివే. ఇవాళ పోలింగు అయ్యేలోగా ఇద్దరూ వచ్చి సరిచేసుకోండి అన్నావు. ఇద్దరం ఎక్కణ్నుంచి వస్తాం? మొన్న శుక్రవారమే చర్చి వెనకాల ఆయన్ని మట్టిలో పెట్టొచ్చాం. నీకు తెలియదులే, నీ తప్పేం లేదు.

ఏడవడం లేదు. బయట చలిగాలికి కళ్లలో నీళ్లొచ్చాయి. సరే, ఏడుస్తున్నాను. ఆ కుర్చీ ఇటు జరుపు.

ఎప్పుడూ పోస్టులో వేసినవాళ్లం కాదు. పోలింగు పెట్టే స్కూలు జిమ్ములోకి వెళ్లి వేయాల్సిందే. అధ్యక్షుడి ఎన్నికప్పుడు ఆయనకి హడావుడేం ఉండేది కాదు. ఆ ఏడు జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. మధ్యలో వచ్చే ఈ ఎన్నికలున్నాయే, వీటికే ఆయనకి పూనకం. పొద్దున్నే పికప్పు బండి వేసుకుని ఇంటింటికీ పోయేవాడు.

పక్కింటి లైల్ టిబెట్స్ లేడూ, "ఈసారి అధ్యక్షుడు లేడుగా ఓరిన్, ఎందుకొచ్చిన గొడవ" అనేవాడు. "అధ్యక్షుడొచ్చి నీ రోడ్డు మీద మంచు తీస్తాడుట్రా? బూట్లు తొడుక్కో" అనేవాడు మా ఆయన.

అలా తిట్టి తిట్టి ఎక్కించుకొచ్చినా ఊళ్లో సగం మంది వచ్చేవాళ్లు కాదు. ఆ రాత్రి అన్నం సహించేది కాదు ఆయనకి. రానివాళ్ల మీద అంత బెంగ ఏమిటో నాకైతే అర్థమయ్యేది కాదు.

ఈసారి మంచం దిగలేకపోయాడు. అందుకే ఓటు కాయితాలు పోస్టులో తెప్పించాను. రొట్టెలు కాల్చే రేకు ఒళ్లో పెట్టుకుని దానిమీద నింపాడు. రేకు జారుతోందని పట్టుకోబోతే, చూడకు, అటు తిరుగు అన్నాడు. నేను చూడకపోతే తెలియదా? పెళ్లైన దగ్గర్నుంచీ నేను ఒకళ్లకి వేస్తే ఆయన అవతలివాళ్లకే వేశాడు. నీ ఓటుకి నా ఓటు చెల్లు అని నవ్వేవాడు. చెల్లిపోయేదానికి ఇద్దరం ఈ చలిలో పోవడం దేనికయ్యా అంటే, "ఒకళ్లం మానేస్తే రెండోవాళ్లు గెలిచినట్టే కదే" అనేవాడు.

కాయితం మడిచి, చేతికందిన కవర్లో పెట్టి, అంటించి, సంతకం గీకేశాడు. పేరు చూసుకోలేదు. మిగిలినదాంట్లో నాది పెట్టాను, నేనూ చూడలేదు.

ఏమన్నావు? సరిచేయడానికి ఆయన లేడు గనక ఆయన పేరున్న కవరు ఇక తెరవరా. నా పేరున్నదానికి నేను సంతకం పెడితే చాలా, ఇక్కడే?

ఉండమ్మా. ఆ కవర్లో ఉన్నది ఆయన కాయితం కదా. అంటే నేను సంతకం పెడితే లెక్కలోకెళ్లేది ఆయన ఓటు. నాది ఆయన కవర్లో అలాగే పడుంటుంది.

అది వద్దంటే కొత్త కాయితం ఇస్తావా? నా ఓటు నేను వేసుకుని పోవచ్చన్నమాట. అప్పుడు ఈ రెండూ చెత్తలోకి.

అలా చూడకు. ఆ కవర్లో ఎవరి కాయితముందో నువ్వేం విన్లేదు, నేనేం అన్లేదు. నీ ఉద్యోగం మీదికి తేను.

ఆయన ఓటేసిన మనిషంటే నాకు ఒళ్లు మంట. గెలిస్తే మన లైబ్రరీకి తాళం వేస్తానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. వారం వారం నేను పుస్తకాలు తెచ్చుకునే చోటు అది. ఓరిన్‌కి తెలుసు, తెలిసే వేశాడు, మొండి మనిషి.

కొత్త కాయితం వద్దులే. నా పేరున్న ఆ కవరూ పెన్నూ ఇటివ్వు.

ఎవడు గెలిస్తే ఏం, ఏది మూస్తే ఏం. ఓటేయడానికి రానివాళ్లలో మా ఆయన్ని కలపలేనమ్మా.