మరదలి కంప్యూటరుకి బావగారి పేస్టు

బావగారు కోతలు మొదలుపెట్టబోతున్నారంటే ముందుగా చొక్కా చేతులు ఒక్క మడత పైకి మడుస్తారు. రెండో మడత కూడా పడిందా, ఇక ఆ కథ నేల మీద నిలవదని వీధంతటికీ తెలుసు. ఆయన నిజంగా బావ అయింది ఒక్క మరదలికే. వీధి మూల మీద చిన్న ప్రెస్సు నడిపే అమ్మాయి ఆయన భార్యకి సొంత చెల్లెలు. ఆమె పొద్దస్తమానం "బావా" అని పిలవడం విని విని, పక్కనే టీకొట్టు పెట్టుకున్నాయనా, ఎదురింటివాళ్ళూ, ఆఖరికి మీటరు చూడ్డానికొచ్చే మనిషి కూడా ఆయన్ని బావగారూ అనే పిలుస్తారు.

ఆ మధ్యాహ్నం మరదలికి కథలు వినే ఓపిక లేదు. షాపు పెట్టిన దగ్గర్నుంచీ రసీదు పుస్తకాలూ విజిటింగ్ కార్డులూ తప్ప ఇంకో పని ఎరగదు. మొదటిసారి ఒక అసలైన పుస్తకం చేతికొచ్చింది. చిన్నపిల్లల లెక్కల పుస్తకం, రాసింది రిటైరైన పంతులమ్మ. "సాయంత్రానికి పేజీలు పంపించమ్మా, లేకపోతే పెద్ద ప్రెస్సుకి ఇచ్చేస్తా" అని ఆవిడ నవ్వుతూనే చెప్పి వెళ్ళింది గానీ, అన్నంత పనీ చేసే మనిషి. ఇక్కడేమో కంప్యూటరు కాసేపు పనిచేసి, వేడెక్కిపోయి, టప్పుమని ఆగిపోతోంది. లోపల ప్రాసెసరు మీద పేస్టు ఎండిపోయి ఉంటుంది, కొత్తది రాస్తే చాలని ఎవరో చెబితే బజారుకి పరిగెత్తి చిన్న ట్యూబు కొనుక్కొచ్చింది. తీరా వచ్చేసరికి బావగారు కంప్యూటరు డబ్బాకి మూత బిగిస్తూ కనిపించారు.

"అయిపోయిందమ్మాయ్ నీ పని! నువ్వొచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవడం దేనికని నేనే పేస్టు రాసి బిగించేశా."

"మీ దగ్గర పేస్టుందా బావా?"

"భలేదానివే, పేస్టుకేం కొదవ!"

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ట్యూబు సంచిలోనే వదిలేసి స్విచ్చు మీద వేలు పెట్టబోయింది.

"ఆఁ ఆఁ, అప్పుడే వద్దు. వేడివేడిగా టీ తాగుదాం. ఈలోపు అది సర్దుకుంటుంది" అంటూ బావగారు గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని చొక్కా చేతులు ఒక మడత మడిచారు.

టీకొట్టాయన గ్లాసులు పట్టుకొచ్చి, మడత చూసి, తనూ అక్కడే చతికిలబడ్డాడు. వెనకగదిలో బల్ల దగ్గర అట్టలు అతుకుతున్న బైండరు కూడా చెయ్యి తుడుచుకుంటూ ఇవతలికొచ్చాడు. మరదలు ఆయన్ని బాబాయీ అంటుంది కాబట్టి, ఆ వరస ప్రకారం బావగారు ఆయనకి అల్లుడు.

"అసలు ఈ పేస్టు సంగతి మీకెవరికీ తెలీదు గానీ," అని ఎత్తుకున్నారు బావగారు, "ఒకసారి బిల్లు కట్టడానికి ఒక ఆఫీసుకి వెళ్ళానా, కిటికీ అవతల గుమస్తా మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు, ఏం నాయనా అంటే, కంప్యూటరు ఊరికే ఆగిపోతోందండీ, వచ్చినవాడల్లా ఒక మాట చెప్పి పోతున్నాడండీ అన్నాడు. చెయ్యి పెట్టి చూశా, పెనంలా కాలుతోంది. మూత తీయించి చూస్తే ఏముందీ, పేస్టుని గోడకి సున్నం కొట్టినట్టు కొట్టారు! ఎంత రాస్తే అంత చలవ అనుకున్నారు వెర్రిబాగులవాళ్ళు. అది కాదు లెక్క. పాతదంతా శుభ్రంగా తుడిచి, బియ్యపుగింజంత, ఒక్కటంటే ఒక్క గింజంత నడిమధ్యన పెట్టి, పైనుంచి వేడిని లాగేసే ఆ రేకుల దిమ్మని తిన్నగా దించాలి. బరువుకి అదే పరుచుకుంటుంది. మరలు కూడా ఒకవైపే బిగించుకుంటూ పోకూడదు, ఈ మూల కాస్త, దాని ఎదురు మూల కాస్త. అంతే! నేను ఆ గింజ పెట్టానో లేదో, కంప్యూటరు చల్లబడి ఊరుకుంది."

మరదలు తల ఊపింది. ట్యూబు అమ్మినాయన చెప్పిందీ అక్షరాలా ఇదే. మా బావకి నిజంగానే పని తెలుసే, ఊరికే ఆడిపోసుకుంటున్నాం అనుకుని, కాస్త సిగ్గుపడింది కూడా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గుమస్తా పనిలో పడి ఉంటాడు" అన్నాడు బైండరు.

"పనేది మామగారూ! వాడికి పనే లేకుండా పోయింది. ఆ చలవకి కంప్యూటరు ఎంత చురుకెక్కిందంటే, వాడు 'క' కొడదామని వేలెత్తేసరికి తెర మీద 'క' పడిపోయేది. మర్నాటికి అదీ లేదు, వాడు ఇంట్లో స్నానం చేస్తూ ఉత్తరం రాయాలి అనుకుంటే ఇక్కడ ఉత్తరం తయారు. వారం తిరిగేసరికి రేపటి లెక్కలు ఇవాళే తేల్చేస్తోంది. రేపు బిల్లు కట్టాల్సినాయనకి, అయ్యా మీరు రేపు వచ్చి కట్టేశారు, ఇదుగో రసీదు అని ఇచ్చి పంపారు!"

"మరి ఆయన రేపు వచ్చాడా?" అన్నాడు టీకొట్టాయన.

"ఎందుకొస్తాడయ్యా, రసీదు చేతిలో ఉంటే?"

రెండో మడత పడింది. మరదలు గడియారం వంక చూసి, స్విచ్చు వంక చూసి, పెదవి కొరుక్కుంది.

"సరే, అక్కడితో ఆగితే బాగుండు. ఆ చలవ డబ్బాలోంచి బల్లకి పాకింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు గడ్డకట్టాయి. గుమస్తా పెన్ను తియ్యబోతే సిరా కూడా గడ్డే. వారంలో ఆ అంతస్తులో పంకాలన్నీ ఊడదీసి అటక మీద పడేశారు, పెద్దాఫీసరు గొంగళి కప్పుకుని సంతకాలు పెడుతున్నాడు, సంతకం వణికి ఇంకోలా వస్తోందని బ్యాంకువాళ్ళు ఒప్పుకోవడం లేదు. దానికి తోడు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. పేస్టు రాశాక వేలికి కాస్త అంటుకుని ఉంటే, గుడ్డ దొరక్క గుమ్మం దగ్గర స్తంభానికి తుడిచి వచ్చేశా. ఇంకేముంది, ఆ స్తంభం పట్టుకుని మేడంతా చల్లబడిపోయింది!"

"అయ్యయ్యో" అన్నాడు బైండరు, ఏ భావమూ లేకుండా.

"మీరు నమ్మరు, ఎండాకాలంలో ఊరంతా చెమటలు కక్కుతుంటే ఆ ఒక్క వీధిలో జనం చలిమంటలు వేసుకున్నారు. కూరగాయలవాళ్ళు సాయంత్రం మిగిలిన బుట్టలు తెచ్చి ఆ గోడకి ఆనించి పోయేవాళ్ళు, పొద్దున్నకి అప్పుడే కోసినట్టుండేవి. ఎక్కడో మంచు దేశాల పక్షులు దారి తప్పి వచ్చి మేడ మీద వాలి, ఇదేదో మన ఊరే అనుకుని గూళ్ళు కట్టేశాయి. చివరికి వాతావరణం ఆఫీసువాళ్ళే నాకు ఫోన్ చేశారు. అయ్యా, మేం ఊరంతా ఎండలని చెబుతాం, ఆ వీధి ఒక్కటీ మా మాట అబద్ధం చేస్తోంది, జనంలో తలెత్తుకోలేకపోతున్నాం, కాస్త దయ చూపించండి మహాప్రభో అన్నారు."

"మీరేం చేశారు?" అన్నాడు బైండరు.

"ఏం చేస్తాను, పాపం అనిపించి, వెళ్ళి గింజలో సగం తీసేశా."

టీకొట్టాయన పొలమారి దగ్గాడు. మరదలికి కూడా నవ్వొచ్చింది గానీ, నవ్వే తీరిక లేక లేచి నిలబడింది. "బావా, టీ అయింది, కథా అయింది. ఇక ఆన్ చేస్తున్నా."

"తొందరెందుకమ్మాయ్, ఇంకొంచెం ఆరనీ. ఆరితేగానీ పట్టదు. ఒక్కసారి పట్టిందా, గునపం పెట్టి పెకలించినా రేకుల దిమ్మ ఊడిరాదు!"

ఆమె వేలు స్విచ్చు మీదే ఆగిపోయింది. ట్యూబు అమ్మినాయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది జిగురు కాదమ్మా, ఆరబెట్టక్కర్లేదు, దేన్నీ అంటించదు, ప్రాసెసరుకీ దిమ్మకీ మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి ఇరుక్కుని వేడిని ఆపేస్తుంది, ఆ గాలిని వెళ్ళగొట్టడానికే ఇది అన్నాడు. ఆరడమేమిటి? పట్టడమేమిటి?

"బావా, మీరు రాయగా మిగిలిన పేస్టేదీ? ఒక్కసారి చూపించండి."

"మిగలడమేంటి, బోలెడుంది. అదుగో, మామగారి బల్ల మీద, ఆ గిన్నెలో."

అందరూ వెనకగది వైపు తిరిగారు. బల్ల మీద సత్తుగిన్నె, అందులో తెల్లగా, మీగడలా, బ్రష్షుతో సహా ఉంది. బైండరు ఒకసారి గిన్నెనీ ఒకసారి అల్లుణ్ణీ చూశాడు.

"అల్లుడుగారూ, అది మైదాపిండి. అట్టలు అతకడానికి పొద్దున్నే ఉడకేశా."

"అదేమిటి? రోజూ మీరు పేస్టు, పేస్టు అంటుంటారుగా?"

"పేస్టే. మేమంతా దాన్ని పేస్టనే అంటాం. పుస్తకాలకి."

బావగారు గిన్నెలోకి తొంగిచూసి, "చల్లారాకే రాశానండీ" అన్నారు.

మరదలు స్విచ్చు మీంచి వేలు లాగేసుకుంది. ఇంకో క్షణం ఆలస్యమైతే స్విచ్చు నొక్కేసేది. ఉన్నది ఒక్క కంప్యూటరు. అది మాడిపోతే ఈ సాయంత్రం పుస్తకం పోతుంది, ఆ తర్వాత ఇంకో పుస్తకం ఆమె గుమ్మం తొక్కదు. అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. రెండింటికీ టైము లేదు. ప్లగ్గు పీకేసి, మూత తీసి, మరలు విప్పి రేకుల దిమ్మని మెల్లగా అటూ ఇటూ తిప్పింది. నయం, పిండి ఇంకా తడిగానే ఉంది. చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. పక్కకి కారలేదు, బావగారు రాసింది నిజంగా బియ్యపుగింజంతే. ఆ ఒక్క విషయానికి ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. స్పిరిట్ ముంచిన గుడ్డతో రెండు వైపులా తళతళలాడేలా తుడిచి, ఆరనిచ్చి, సంచిలోంచి ట్యూబు తీసి గింజంత పెట్టి, దిమ్మ దించి, ఈ మూల కాస్త, ఎదురు మూల కాస్త బిగించింది. అప్పుడు స్విచ్చు నొక్కింది.

ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ఆమె కూడికల పేజీ సర్ది తీసివేతలకి వచ్చింది, తీసివేతలు దాటి ఎక్కాలకి వచ్చింది. ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటిపోయినా డబ్బా చప్పుడు మారలేదు. ఎక్కాల పేజీ కూడా అయ్యేసరికి ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పనిలో పడింది.

బావగారికి ఊపిరి తిరిగొచ్చింది. "చూశారా, నేను చెప్పిన కొలతా, నేను చెప్పిన బిగింపూ! మొదట నేను మైదా వెయ్యబట్టే కదా ఆ పైది అంత బాగా..."

"బావగారూ," అన్నాడు టీకొట్టాయన, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ, నిదానంగా, "నాకొక్క అనుమానం. పేస్టంటే మైదా అని కదా మీరు ఇందాకటిదాకా అనుకుంటున్నారు. మరి ఆ ఆఫీసులో కంప్యూటరుకి మీరు రాసిందేంటి?"

బావగారు ఒక చొక్కా చెయ్యి కిందికి దించారు. తర్వాత రెండోదీ దించారు. బొత్తాం పెట్టుకున్నారు.

"అక్కడ రాసింది ఇంజినీరే లెండి" అన్నారు. "నేను కిటికీ ఇవతల లైన్లో నిలబడి చూశా. కాస్త సాయం చేస్తానన్నా గానీ, వాళ్ళు నన్ను ముట్టుకోనివ్వలేదు."

మరదలు తెర మీంచి తల తిప్పలేదు.

"వాళ్ళు తెలివైనవాళ్ళు బావా" అంది.