గోడగా నిలబడ్డ బాబాయి

మలికిపురంలో ఝాన్సీ ఇంటి అరుగు మీద కృతజ్ఞతా కూడిక. కూతురు జాస్మిన్‌కి ఫిజిక్సులో డాక్టరేటు వచ్చింది. ప్రార్థన అయ్యింది. ఇక పిల్లని ఇంతదాన్ని చేసినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఎవరూ పిలవకుండానే బాబాయి కృపారావు లేచాడు. ఝాన్సీ వంటింట్లో టీ కాస్తోంది.

"దేవుడికి స్తోత్రమండి. రెండు అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, పక్కన గోడుంటే ఆ లాగుడు మారిపోద్ది, ఇదే కదండీ మా పిల్ల లెక్కగట్టింది? అది ఆరో తరగతిలో ఉండగానే కాలవలో రెండు కొబ్బరికాయలొదిలి నేను చూపించేనండి. గట్టు వారన పక్కపక్కనే వదిలితే బద్ధకంగా కదిలేయి. ఒకదాని వెనక ఒకటి గట్టుకేసి వదిలితే టపీమని అతుక్కున్నాయి."

"ఆయ్," అన్నాడు పొరుగింటి గంగరాజు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాయలతో ఏం తేలుద్దని రెండు పడవలు పెట్టేను. గట్టు చాల్లేదు, నేనే గోడలా అడ్డంగా నిలబడ్డాను."

"అడ్డంగా నిలబడ్డం ఆయనకి అలవాటేలెండి," అంది పక్కింటి కుమారి.

"పడవలు గుద్దుకున్నాయండి. ఇక లాభం లేదని గోదాట్లో దిగేను. అటు లంకా ఇటు లంకా చెరో ఫర్లాంగు జరిగి కలిసిపోయేయి. జనాన్ని దాటించే పంటు మధ్యలో ఇరుక్కుంది. ఇటు లంకలో ఆవు అటు లంకలో గడ్డి మేసింది. కలెక్టరు గారు పరిగెత్తుకొచ్చి, 'కృపారావు గారూ, పక్కకి తప్పుకోండి, మ్యాపులు మార్చలేం' అని బతిమాలేరు."

టీ గ్లాసుల పళ్ళెంతో ఝాన్సీ గుమ్మంలోకి వచ్చింది.

"ఆరో తరగతిలోనా? అప్పుడు మీరు మస్కట్‌లో ఉన్నారు కదండీ మరిదిగారూ."

అరుగంతా నవ్వింది.

"అక్కణ్ణించే నిలబడ్డానండి వదినగారూ."

"అంత దూరాన్నించి కుదరదు బాబాయ్," అంది జాస్మిన్. "గోడ బాగా దగ్గరుంటేనే ఆ తేడా. దూరం పోయేకొద్దీ ఉన్నా లేనట్టే." తల్లి చేతిలోంచి పళ్ళెం తీసి బాబాయికి అందించింది. "అమ్మా, నువ్వు చెప్పు. దగ్గరున్నది నువ్వే."

ఝాన్సీ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు అణువులూ అవీ తెలవ్వండి. ఇది చదువుకుంటుంటే పక్కనే కొబ్బరిపీచు తాడు పేనే రాట్నం తిప్పేదాన్ని. చెవులు చిల్లులు పడే చప్పుడు. ఒక్కనాడూ నన్ను అవతలికెళ్ళమన్లేదండి. అందుకు దేవుడికి స్తోత్రం."

"ఆమేన్," అన్నాడు కృపారావు, పళ్ళెం పట్టుకుని, అందరికంటే గట్టిగా.