ఒక్క స్వరం మీద నిలబడి

1994 ఫిబ్రవరి 7వ తేదీ, సోమవారం ఉదయం శ్రీమతి విద్యావతి గారు మెల్బోర్న్‌లోని మా సంగీత కళాశాలలో జాజ్ పియానో అధ్యాపకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆ విభాగంలో అంతకు మునుపు మహిళలే లేరు. ఇక భారతీయుల సంగతి చెప్పనక్కర్లేదు. విశాఖపట్నం కాన్వెంటులో పియానో అభ్యసించి, భర్త శ్రీపతి గారి వెంట ఈ దేశానికి వచ్చి, రేడియోలో విన్న జాజ్‌కు మనసిచ్చిన ఆ విదుషీమణికి మొదటి రోజు తరగతి తలుపు తీయడానికే భయమేసిందట. ఆ భయం ఏనాడూ పూర్తిగా పోలేదంటే ఆవిడ శిష్యులు నమ్మరు.

జాజ్‌లో కాగితం మీద ఉండేది కొంతే. మిగిలినది అప్పటికప్పుడు అల్లుకోవాలి. చేరిన ఏడాదే ఒక కచేరీలో, తన వంతు వాయిస్తూ వాయిస్తూ ఆవిడ దారి తప్పారు. పాటలో ఎక్కడున్నారో తెలియలేదు. పాలుపోక ఒకే స్వరాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ పలికించసాగారు. డ్రమ్స్ వాయిస్తున్న కెవిన్ గారు అది విని లయను అక్కడికే తెచ్చి కలిపారు. తక్కిన వాద్యాలూ వెంట వచ్చాయి. మర్నాడు పత్రికలో ఒక విమర్శకుడు ఆ ఘట్టాన్ని అపూర్వ సాహసమని కొనియాడితే, ఆ మెప్పు చదివి ఆవిడ సిగ్గుతో రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు.

ఆనాటి నుంచి తరగతిలో ఆవిడ మొదటి పాఠం అదే. "దారి తప్పితే ఆగొద్దు. ఒక్క నోట్ పట్టుకుని నిలబడు. బ్యాండ్ నీ దగ్గరికొస్తుంది." ఆ మాట నమ్ముకుని ఎదిగిన ఎందరో అమ్మాయిలు నేడు సిడ్నీ నుంచి పెర్త్ దాకా వేదికలను అలంకరిస్తున్నారు, మా విభాగంలోనే ఇద్దరు బోధిస్తున్నారు.

గత శీతకాలం నుంచి ఆవిడ కుడిచేతి వేళ్లు మాట వినడం మానేశాయి. వాయిస్తుండగా ఉన్నట్టుండి ముడుచుకుపోతాయి. తగ్గుతుందని వైద్యులు హామీ ఇవ్వలేదు. పదవీ విరమణ సందర్భంగా ఈ సాయంత్రం జరుగుతున్న ఈ వీడ్కోలు కచేరీ మానుకుందామనుకుని, క్రెయిగీబర్న్‌లోని ఇంట్లో కూతురు సింధుజ దగ్గర బయటపడ్డారు.

"అందరి ముందూ చెయ్యి ఆగిపోతే ఏం చెయ్యనే?"

"స్టూడెంట్స్‌కి ఎప్పుడూ సేమ్ థింగ్ చెప్తావ్ కదమ్మా. జస్ట్ వన్ నోట్. దే విల్ కమ్ టు యూ."

"చెప్పడం వేరు. నాకు భయంగా ఉంది."

చివరికి వాయించాలనే నిశ్చయించుకున్నారు. ఈ మాటలు అచ్చు వేయమన్నది కూడా ఆవిడే. "దాస్తే ఇంకా భయమేస్తుంది జయశ్రీ, రాసెయ్" అని ఈ సంచిక బాధ్యత చూస్తున్న సహోద్యోగినిని ఆదేశించారు.

ఈ పుట మీ చేతికందే వేళకు విద్యావతి గారు తెర వెనుక, చల్లబడిన చేతులతో నిలబడి ఉంటారు. డెబ్బై దాటిన కెవిన్ గారు ఈ సాయంత్రం కూడా డ్రమ్స్ ముందు కూర్చుంటున్నారు. ఆవిడ వేళ్లు ఏం చేస్తాయో మాకూ తెలియదు. మాకూ భయంగానే ఉంది. ఆవిడ ఆయురారోగ్యాలతో, ఆత్మీయుల నడుమ, భయపడుతూనైనా వాయిస్తూ కలకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. విద్యావతి గారూ, కుడిచేయి ఆగితే ఎడమచేత్తో ఒక్క స్వరం పట్టుకోండి. మేమందరం అక్కడికే వస్తాం.